కొండ మీద చోళ్ళు, బడి గేటు ముందు ప్యాకెట్లు: సరిహద్దు జిల్లాల అధికారులకు తల్లుల బహిరంగ లేఖ

దక్షిణ ఒడిశా సరిహద్దు జిల్లాల్లో అంగన్‌వాడీలు, బడులు, ఆహార భద్రత చూసే అధికారులందరికీ నమస్కారం.

అయ్యా, అమ్మా,

మేము పర్లాకిమిడి, కాశీనగరం, గుణుపురం వైపు ఉండే తెలుగు తల్లులం. కుట్టుమిషన్ తొక్కేవాళ్ళం, టిఫిన్ బండి నడిపేవాళ్ళం, పొలం పనికి పోయేవాళ్ళం ఉన్నాం. ఇద్దరు ముగ్గురం ప్రైవేటు బడుల్లో టీచర్లం. మాలో చాలామందికి పుట్టిల్లు శ్రీకాకుళం జిల్లాలో, అత్తిల్లు ఒడిశాలో. మా పిల్లలు ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా మాట్లాడుకుంటూ పెరుగుతున్నారు. ఈ లేఖ వాళ్ళ తిండి గురించి, ఆట గురించి.

కిందటి ఏడాది ఇవే విషయాల మీద అర్జీ రాసి, అందరం సంతకాలు పెట్టి ఇచ్చాం. ముద్ర వేసిన నకలు మా దగ్గర ఉంది. జవాబు రాలేదు. వెళ్ళి అడిగితే "పై నుంచి ఆర్డర్ రావాలమ్మా" అన్నారు. ఆ ఆర్డర్లలో చాలావరకు ఎప్పుడో వచ్చేశాయని తర్వాత తెలిసింది. అందుకే ఇప్పుడు అందరి ముందూ రాస్తున్నాం. ఒకరి మీద నింద వేయాలని కాదు. కాగితం మీద ఉన్నదాన్ని మా వీధిలో చూడాలని. అంగన్‌వాడీ అక్కలు, బడిలో వంట చేసే అమ్మలు తక్కువ డబ్బుకు ఎంత చాకిరీ చేస్తున్నారో మాకు తెలుసు. ఈ లేఖలో ఏ మాటా వాళ్ళ మీద కాదు.

ముందు పరిస్థితి చెబుతాం.

బడి వదిలే వేళకు మా వీధిలో గేటు ఎదురుగా ఒకసారి నిలబడి చూడండి. దుకాణం ముందు తాడుకు ఐదు రూపాయల ప్యాకెట్లు వేలాడుతుంటాయి, సరిగ్గా రెండో తరగతి పిల్లకు చెయ్యి అందే ఎత్తులో. పిల్ల ఒకటి లాగుతుంది, పళ్ళతో చింపుతుంది, మలుపు తిరిగేలోగా ఖాళీ చేస్తుంది. వేళ్ళకంటిన నారింజ రంగు పొడిని గౌనుకు తుడుచుకుంటుంది. రాత్రి అన్నం ముందు కూర్చుని ఆకలి లేదంటుంది. అదే గేటు పక్కన, కొండ దిగి వచ్చిన సవర గిరిజన ముసలమ్మ గంపలో జామకాయలు పెట్టుకుని కూర్చుంటుంది. అవీ ఐదు రూపాయలకు వస్తాయి. సాయంత్రం ఆమె సగం గంప నెత్తిన పెట్టుకుని వెనక్కి పోతుంది.

మాది తిండి పండని నేల కాదు. మహేంద్రగిరి చుట్టుపక్కల చోళ్ళు (రాగులు), సామలు, కొర్రలు, కందులు, ఉలవలు పండుతాయి. పనస, సీతాఫలం, కంద, మునగాకు, చింతచిగురు సంతకు వస్తాయి. ఒడిశా ప్రభుత్వం 2017లో మిల్లెట్ మిషన్ (చిరుధాన్యాల పథకం) మొదలుపెట్టినప్పుడు తొలి ఏడు జిల్లాల్లో గజపతి, రాయగడ, కొరాపుట్, మల్కన్‌గిరి ఉన్నాయి. ఈ నాలుగూ ఆంధ్రకు ఆనుకున్న జిల్లాలే. చోళ్ళను మద్దతు ధరకు కొంటున్నారు, రైతుకు అది మేలే. వంద గ్రాముల చోళ్ళలో 340 మిల్లీగ్రాములకు పైగా కాల్షియం ఉంటుంది, తెల్లబియ్యంలో పది మిల్లీగ్రాముల దరిదాపుల్లోనే ఉంటుంది. ఆ చోళ్ళు పండే కొండ కింద పుట్టిన పిల్లలు పొద్దున్నే టీలో బిస్కెట్ ముంచుకు తిని బడికి పోతున్నారు.

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఒడిశాలో ఐదేళ్ళ లోపు పిల్లల్లో 31 శాతం మంది వయసుకు తగ్గ ఎత్తు లేరు. ఆరు నెలల నుంచి ఐదేళ్ళ లోపు వాళ్ళలో 64 శాతం మందికి రక్తహీనత. ఇవి రాష్ట్రం మొత్తం లెక్కలు. రక్తం తక్కువైన పిల్ల ఎలా ఉంటుందో మేము ఇంట్లో చూస్తున్నాం. నలుగురితో పరుగెత్తుతూ మధ్యలో కూర్చుండిపోతుంది. చదివింది నిలవదు. బడిలో బద్ధకం అంటారు, ఇంట్లో మొండి అంటారు. ఆ పిల్ల మొండిదీ కాదు, బద్ధకస్తురాలూ కాదు.

సర్వేలో దొరకని నష్టం ఇంకొకటి ఉంది. దాని గురించి కాస్త వివరంగా చెప్పనివ్వండి, మా బాధంతా అక్కడే ఉంది.

మా ఇళ్ళలో మొలకల చోడిపిండి చేస్తాం. రాత్రి చోళ్ళు కడిగి నానబెట్టి, పొద్దున నీళ్ళు వార్చి, తడిగుడ్డలో మూట కడతాం. మూట విప్పి చూసే పని పిల్లది. మొదట ఏమీ కనబడదు. మర్నాటికి సూదిమొనంత తెల్లటి మొలక వస్తుంది. "కొన్ని గింజలకు ఎందుకు రాలేదు?" అని అడుగుతుంది. తాత నాలుగు గింజలు నీళ్ళలో వేసి, తాలు గింజ తేలడం చూపిస్తాడు. తర్వాత నీడలో ఆరబెట్టి, దోరగా వేయించి, మర పట్టిస్తాం. జల్లెడ పట్టడం మళ్ళీ పిల్ల పనే. పళ్ళెంలో రాలిన పిండి మీద వేలితో ఏనుగును గీస్తుంది, పళ్ళెం ఊపి చెరిపేస్తుంది, ఈసారి తొండం పైకెత్తిన ఏనుగును గీస్తుంది. అది చేయమని ఎవరూ చెప్పలేదు. మొలకెత్తిస్తే గింజలోని ఇనుము ఒంటికి బాగా పడుతుందని పోషకాహార నిపుణులు చెబుతారు, నిజమే. మా కంటికి మాత్రం ఆ మూటలో ఇనుముతో పాటు ఇంకా చాలా కనబడుతుంది. ప్రశ్న అడగడం, ఓపికగా ఎదురుచూడడం, చేత్తో చేయడం, తాతతో మాట్లాడడం అన్నీ ఆ ఒక్క పనిలో దొరికాయి. ప్యాకెట్‌తో చింపడం తప్ప పిల్ల చేతికి వేరే పని లేదు. వంటింట్లో చిక్కుడుకాయలు ఒలవడం, అడ్డాకులు కుట్టడం, సంతలో కందులు బేరమాడడం పోతే పిల్లలకు పోయేది తిండి ఒక్కటే కాదు. ఆ తర్వాత మనమే డబ్బు కట్టి "క్రియేటివిటీ క్లాసు"కు పంపుతున్నాం.

పాతకాలంలో అంతా బాగుండేదనీ, అడవిలో దొరికిందల్లా ఆరోగ్యమనీ మేము అనడం లేదు. రాయగడ జిల్లా కాశీపూర్‌లో 2001లో మామిడి టెంకల జావ తాగి జనం చనిపోయారు. ఇంట్లో గింజ లేనప్పుడు సహజమైన తిండి కూడా ప్రాణం తీస్తుంది. రేషన్ బియ్యం విలువ మాకు తెలుసు. ఏడాది లోపు బిడ్డకు తేనె నాకించకూడదని, చంటిపిల్లలకు పల్లీలు గింజగా పెడితే గొంతుకు అడ్డం పడతాయని, బెల్లమైనా ఎక్కువైతే చక్కెర లాంటిదేనని మేము తోటి తల్లులకు చెబుతున్నాం. ఐరన్ సిరప్, నులిపురుగుల మాత్ర, టీకాలు "సహజం కాదు" అని మానేయమనేవాళ్ళతో మేము లేము.

ఇక మేము అడిగేవి.

1. బడి గేటు నుంచి 50 మీటర్లు. ఉప్పు, చక్కెర, కొవ్వు ఎక్కువున్న తినుబండారాలను బడి ఆవరణలోనూ, గేటు నుంచి ఏ వైపైనా 50 మీటర్ల లోపూ పిల్లలకు అమ్మకూడదని దేశ ఆహార భద్రతా సంస్థ 2020లో నిబంధనలు చేసింది. వాటి ప్రచారం కూడా అక్కడ ఉండకూడదు. టేపు పట్టుకుని మా వీధికి రండి, మేమూ పక్కన నిలబడతాం. గీత గీయించి, బోర్డు పెట్టించండి. అయితే ఒక్క పూటలో దుకాణాలు పీకించవద్దు. ఆ దుకాణదారుడు మా పక్కింటివాడే, అతనికీ పిల్లలున్నారు. గడువు ఇవ్వండి. పల్లీపట్టీ, ఉడికించిన సెనగలు, అరటిపండు, జామకాయ అమ్ముకోమనండి. కొండ నుంచి వచ్చే ఆ ముసలమ్మకు గేటు దగ్గర నీడలో చోటు చూపించండి, ఆమెను ఎవరూ తరమకుండా చూడండి.

2. మా చోళ్ళు మా పిల్లలకు. మూడు నుంచి ఆరేళ్ళ పిల్లకు అంగన్‌వాడీలో రోజుకు 500 కేలరీలు, 12 నుంచి 15 గ్రాముల ప్రొటీన్ అందాలని 2013లో ఆహార భద్రత చట్టం వచ్చినప్పుడు రాశారు, 2023లో ఆ లెక్కలను సవరించారు. ప్రాథమిక బడి భోజనంలో 450 కేలరీలు, 12 గ్రాముల ప్రొటీన్ ఉండాలి. అన్నం, పలచటి పప్పుతో కేలరీలు నిండవచ్చు, తక్కినవి నిండవు. ఒడిశాలోనే కియోంఝర్, సుందర్‌గఢ్ జిల్లాల అంగన్‌వాడీల్లో రాగి లడ్డూ పెట్టడం మొదలై ఏళ్ళయింది. సరిహద్దుకు అవతల ఆంధ్ర బడుల్లో 2023 మార్చిలో రాగిజావ మొదలుపెట్టారు. పాతపట్నంలో మా అన్నల పిల్లలు బడిలో జావ తాగుతారు, గింజ పండే వైపున ఉన్న మా పిల్లలకు మా వీధి కేంద్రంలో అది క్రమంగా అందడం లేదు. వారంలో కనీసం మూడు రోజులు చోడి జావో, లడ్డూనో పెట్టండి. పిండి పట్టే పని ఈ జిల్లాల మహిళా సంఘాలకే ఇవ్వండి. పెడుతున్న గుడ్డును మాత్రం దీని పేరు చెప్పి తగ్గించవద్దు. జావతో పాటు గుడ్డూ ఉండాలి.

3. పుట్టింటికి పోయిన తల్లి లెక్కలోంచి జారిపోకూడదు. ఇది సరిహద్దు ఇళ్ళ కష్టం, జిల్లా కేంద్రంలో కూర్చుంటే కనబడదు. తొలి కాన్పుకు ఆడపిల్ల పుట్టింటికి పోతుంది. ఏడో నెలలో పోయి, బిడ్డకు మూడో నెలో ఐదో నెలో వచ్చాక తిరిగొస్తుంది. ఇక్కడి కేంద్రంలో "ఊళ్ళో లేదు" అని రాస్తారు. అక్కడి కేంద్రంలో "మా రాష్ట్రం కాదు" అంటారు. కడుపుతో ఉన్నప్పుడు, బాలింతగా ఉన్నప్పుడు, అంటే తిండి అన్నిటికంటే ఎక్కువ కావాల్సిన నెలల్లో ఆమె ఎవరి లెక్కలోనూ ఉండదు. బిడ్డ బరువు రాసేవాళ్ళు ఉండరు. ఇద్దరు తల్లులు తమ బిడ్డల బరువు మొదటిసారి చూసింది జ్వరంతో ఆసుపత్రికి తీసుకెళ్ళినప్పుడే. అంగన్‌వాడీ అక్కల ఫోన్లలో తల్లుల, పిల్లల వివరాలు ఎక్కించే పోషణ్ ట్రాకర్ దేశమంతటికీ ఒకటే కదా. పేరు ఇటు నుంచి అటు, అటు నుంచి ఇటు వారం లోపు మారేలా శ్రీకాకుళం, పార్వతీపురం మన్యం జిల్లాల అధికారులతో కూర్చుని మాట్లాడండి. కాగితాలు పట్టుకుని నది దాటి తిరిగే పని పచ్చి బాలింతకు పెట్టవద్దు.

4. చదవగలిగే భాషలో చెప్పండి. అంగన్‌వాడీ నుంచి ఇంటికి ఇచ్చే ఛతువా (పోషకాహార పిండి) ప్యాకెట్ మీద రాసింది ఒడియాలో ఉంటుంది. తెలుగు మాత్రమే చదవగల కోడలు అది ఎంత కలపాలో, రోజుకు ఎన్నిసార్లు పెట్టాలో తెలియక ఇంటిల్లిపాదికీ పంచేస్తుంది, లేదా ఆవుకు పెడుతుంది. చార్టు, ప్యాకెట్, బరువు కార్డు తెలుగులోనూ ఉండేలా చూడండి, సవర ఇళ్ళకు సవర భాషలో బొమ్మలతో చెప్పించండి. ఈ పర్లాకిమిడిలోనే ఉపాధ్యాయుడిగా పనిచేసిన గిడుగు రామమూర్తి పంతులు గారు సవర భాష నేర్చుకుని, ఆ పిల్లలకు ఆ భాషలో బడులు పెట్టి, పుస్తకాలు రాశారు. ఆయన ఒక్కడు చేయగలిగింది ఇన్ని శాఖలు కలిసి చేయలేవా? అంగన్‌వాడీలో తెలుగు కథల బొమ్మల పుస్తకాలు పదైనా ఉంచండి. అల్పసంఖ్యాక భాషల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో చదువుకునే వీలు కల్పించాలని రాజ్యాంగంలోని 350-ఎ అధికరణం చెబుతోంది. మేము అడిగేది అందులో చిన్న భాగమే.

5. బడి తోట. బడుల్లో పోషణ తోటలు పెంచాలని కేంద్రం 2019లోనే మార్గదర్శకాలు ఇచ్చింది. మునగ, కరివేపాకు, బొప్పాయి, తోటకూర నాటడానికి పెద్ద స్థలం అక్కర్లేదు. కంచె, నీళ్ళు మీరు చూడండి, విత్తనాలు మేము తెస్తాం.

6. ఆడుకునే చోటు, ఆడుకునే గంట. ఐదేళ్ళు దాటిన పిల్లలు రోజుకు కనీసం గంట సేపు ఒళ్ళు అలిసేలా ఆడాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. మా వీధి మైదానంలో సగం రోజులు పెళ్ళి షామియానా, తక్కిన రోజులు లారీలు. కర్రబిళ్ళ, తొక్కుడుబిళ్ళ, చెడుగుడు ఎక్కడ ఆడాలి? బడి వదలగానే ట్యూషన్, అక్కడి నుంచి వచ్చేసరికి చీకటి. సాయంత్రం నాలుగు నుంచి ఆరు వరకు ఆ మైదానం పిల్లలదేనని ఆదేశం ఇవ్వండి. ఒక దీపం, ఒక కుళాయి, ఆడపిల్లలకు మరుగుదొడ్డి పెట్టించండి. మరుగుదొడ్డి లేకే మా పెద్దపిల్లలు ఆటకు పోవడం మానేశారు.

7. పెద్దల చేతిపని పిల్లల దాకా రావాలి. ఆరు నుంచి ఎనిమిదో తరగతి పిల్లలకు పది రోజులు పుస్తకాల సంచి లేకుండా, వడ్రంగి, కుమ్మరి, తోటమాలి లాంటివాళ్ళ దగ్గర పని నేర్పాలని 2020 జాతీయ విద్యా విధానంలో ఉంది. పర్లాకిమిడి కొమ్ముపని పేరున్న కళ. కొమ్మును వేడిచేసి వంచి కొంగ మెడ చేయడం చూసిన పిల్లవాడు ఆ రోజంతా వేరే మాట మాట్లాడడు. ఆ పది రోజులూ ఆ పనివాళ్ళ దగ్గరికే పంపండి, పనివాళ్ళకు కూలి కట్టించండి. అలాగే అంగన్‌వాడీలో నెలకోసారి జరిపే ఈసీసీఈ (చిన్నపిల్లల సంరక్షణ, చదువు) రోజును సంతకాల పుస్తకానికి వదిలేయకుండా అమ్మమ్మలను, తాతలను, ముఖ్యంగా నాన్నలను పిలవండి. ఒక అమ్మమ్మ కథ చెప్పాలి, ఒక నాన్న జావ కాచాలి. నాన్నలు వచ్చే వేళ చూసి పెట్టండి, పగలు పదకొండు గంటలకు పెడితే ఎవరు వస్తారు?

అధికారులతో పాటు మా తెలుగు ఇళ్ళ అమ్మానాన్నలకూ ఒక మాట. పై ఏడూ సాధించుకున్నా మన ఇంటి గడప లోపలి పని మనదే. పిల్లలకు టీ వద్దు. అన్నంతో పాటు టీ తాగితే తిండిలోని ఇనుము ఒంటికి సరిగా పట్టదు, అదే తోటకూర పప్పు మీద నిమ్మకాయ పిండితే బాగా పడుతుంది. అన్నం తినేటప్పుడు ఫోన్ పక్కన పెట్టండి. రెండు నుంచి నాలుగేళ్ళ పిల్లలు కూర్చుని తెర చూసే సమయం రోజుకు గంట దాటకూడదని, అంతకంటే తక్కువైతే ఇంకా మంచిదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది. ఏడాది లోపు వాళ్ళకు అసలే వద్దు. పిల్లలను వంటింట్లోంచి తరమకండి. పిండి ఒలికితే ఊడ్చుకోవచ్చు. మగపిల్లవాడికీ చిక్కుడుకాయలు ఇచ్చి ఒలవమనండి. ఆదివారం సంతకు వెంట తీసుకెళ్ళి, పది రూపాయలు చేతికిచ్చి, నచ్చిన కూరగాయ కొనమనండి. తాను కొన్న కూరను పిల్ల వద్దనదు, మా ఇళ్ళలో చూసిన సంగతే చెబుతున్నాం.

అయ్యా, అమ్మా, ఈ ఏడింటిలో కొత్త చట్టం కావాల్సింది ఒక్కటీ లేదు. మొదటి దానికి టేపు, రంగు డబ్బా చాలు. మూడో దానికి రెండు రాష్ట్రాల అధికారులు ఒక పూట కలిసి కూర్చోవాలి. డబ్బు కావాల్సినవి రెండో మూడో ఉన్నాయి, వాటికి సమయం పడుతుందని మాకు తెలుసు. కానీ ఏడాది ఆలస్యమంటే మీకు ఒక ఫైలు ఒక బల్ల మీద ఉండడం, రెండేళ్ళ బిడ్డకు తిరిగి రాని ఎదుగుదల. ఆ వయసులో తగ్గిన ఎత్తును తర్వాత పూడ్చడం చాలా కష్టమని మీ శాఖ శిక్షణలోనే చెబుతారు.

వేసవి సెలవులు అయ్యి బడులు తెరిచేలోగా మొదటి మూడు అంశాల మీద రాతపూర్వకంగా జవాబు ఇవ్వండి. ఏది ఏ తేదీకి అవుతుందో, ఎవరి బాధ్యతో అందులో ఉండాలి. కుదరనిది ఉంటే ఎందుకు కుదరదో రాయండి. తెలుగులో రాసినా, ఒడియాలో రాసినా చదివించుకుంటాం. సోమవారం అర్జీలు తీసుకునే గ్రీవెన్స్‌కు పాత అర్జీ నకలు, ఈ లేఖ, మా పిల్లల బరువు కార్డులు పట్టుకుని వస్తాం. లోపలికి పిలిచి మాట్లాడండి.

ఇట్లు,
పర్లాకిమిడి, కాశీనగరం, గుణుపురం ప్రాంతపు కొందరు తల్లులు